మంచు పారకు బదులు గోనె సంచి

మా మేనల్లుడు మిషిగన్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం, తన కారు డిక్కీ ఫొటో ఒకటి పంపించాడు. అందులో మడతపెట్టే పార, అద్దం మీద మంచు గీకే బద్ద, రెండు కంబళ్లు, చేతి తొడుగులు, ఒక రేకు డబ్బాలో కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఉన్నాయి. వాటి పక్కన ఒక పెద్ద సంచి. ఏమిటని అడిగితే, పెంపుడు పిల్లులకు దొడ్డి కోసం వాడే మట్టి అన్నాడు. ఇంట్లో అందరం నవ్వాం. “నీకు పిల్లి లేదు కదరా?” అంది మా ఆవిడ. “పిల్లికి కాదత్తా, చక్రం కింద చల్లడానికి” అన్నాడు. మంచులో చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే ఆ గరుకు మట్టి చల్లితే పట్టు దొరుకుతుందట.

నవ్వడం అయ్యాక చూస్తే ఆ డిక్కీలో అనవసరమైనది ఒక్కటీ లేదు. అక్కడ మంచు తుపానులో బండి ఆగిపోతే సాయం రావడానికి రాత్రంతా పట్టొచ్చు. బయట చలి సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోవచ్చు. తెల్లారేదాకా లోపలివాళ్లు బతికుండాలంటే కంబళి కావాలి, చిన్న వేడి కావాలి. ఇంజిన్ ఆన్ చేసి హీటర్ పెట్టుకుంటే సరిపోదా అంటే, సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయి ఉంటే పొగ కారు లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పార ఉన్నది ముందు ఆ గొట్టం చుట్టూ మంచు తోడటానికి, దారి చేసుకోవడం తర్వాత సంగతి. అంటే ప్రతి వస్తువూ ఏదో ఒక ప్రశ్నకు జవాబు.

కార్లో ఏమేం పెట్టుకోవాలో చెప్పే ఇలాంటి చలికాలపు జాబితాలే మన ఫోన్లలో కూడా తిరుగుతుంటాయి. తెలుగులోకి మార్చినవి కూడా చూశాను. పలమనేరులో ఉండేవాడికి మంచు గీకే బద్ద ఎందుకో ఎవరూ ఆలోచించినట్టు లేదు. తెలుగులోకి తెచ్చుకోవాల్సింది ఆ ప్రశ్నల్ని. సాయం రావడానికి ఎంతసేపు పడుతుంది, ఆలోపు మనల్ని దెబ్బతీసేది ఏమిటి? చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ రెండింటికీ జవాబులు వేరు.

మన చలికాలం వానతో మొదలవుతుంది

రాష్ట్రంలో చాలా చోట్ల నైరుతి వెళ్లిపోగానే వానలు తగ్గుతాయి. మనకు అసలు వానలు అప్పుడే మొదలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటికి తోడు బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2020 నవంబరులో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. 2022 డిసెంబరులో మాండూస్ మహాబలిపురం దగ్గర, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటాయి. దాటింది ఎక్కడైనా మనం మాత్రం తడిశాం. ఇక 2021 నవంబరు సంగతి తిరుపతివాళ్లకు చెప్పనక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. వానలు తెరిపిచ్చాక కూడా, డిసెంబరు 1న, పైకి వెళ్లే ఘాట్‌లో బండరాళ్లు విరిగి రోడ్డు మీద పడ్డాయి.

వాన వెలిశాక పొగమంచు వంతు. నేల తడిగా ఉండి, ఆకాశం తేటగా ఉండి, గాలి కదలకపోతే రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. దాని మీది గాలిలోని తేమ తెల్లవారుజాముకు మంచుగా మారుతుంది. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఎత్తయిన నేల కాబట్టి అక్కడ ఇది ఎక్కువ. సరిగ్గా ఆ వేళకే బెంగళూరు నుంచి అర్ధరాత్రి బయల్దేరిన కార్లన్నీ తిరుమల వైపు వస్తుంటాయి. ధనుర్మాసం, వైకుంఠ ఏకాదశి, జనవరి 1 అన్నీ ఆ రోజుల్లోనే. రాత్రంతా నిద్రలేని డ్రైవరు, ముందు ఘాట్, దాని మీద మంచు.

కాబట్టి నా లెక్కలో మన ప్రశ్నలు ఇవి. వెనక వచ్చే బండికి మనం కనబడతామా? నీళ్లలో చిక్కితే బయటపడగలమా? ఆగిన బండి మళ్లీ కదులుతుందా? కదలకపోతే బండిలోని పిల్లలు, పెద్దవాళ్లు ఎంతసేపు ఉండగలరు? వరస కూడా ఇదే. చలి చివర్న వస్తుంది.

వెనక వచ్చే బండి

ఈ వరస నాకు పుస్తకం చదివితే వచ్చింది కాదు. కొన్నేళ్ల కిందట డిసెంబరులో బెంగళూరు నుంచి వస్తూ, తెల్లవారుజామున నాలుగున్నరకు, పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుతుంటే వెనక ఎడమ టైరు పోయింది. మంచు పట్టి ఉంది, ముప్పై నలభై అడుగులకు మించి ఏమీ కనబడటం లేదు. కారు పక్కకు తీసి ఆపాను. హెచ్చరిక ట్రయాంగిల్ ఉందని తెలుసు, కారుతోపాటే ఇచ్చారు. ఎక్కడుందంటే డిక్కీలో, మ్యాట్ కింద, స్టెప్నీ పక్కన. మ్యాట్ మీద రెండు సూట్‌కేసులు, ఒక బియ్యం బస్తా, మా అత్తగారి టిఫిన్ క్యారియర్, పిల్లల స్కూల్ బ్యాగులు. నేనూ మా బామ్మర్దీ ఒక్కొక్కటే దించుతూ, దించినవి రోడ్డు మీద పెడుతూ, ఫోన్ టార్చ్ వెలుతురులో వెతుకుతున్నాం. ఆడవాళ్లూ పిల్లలూ కార్లోనే ఉన్నారు. ఇప్పుడు తలుచుకుంటే చేసిన ప్రతి పనీ తప్పే.

మా వెనక ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, తన బండికి నాలుగు ఇండికేటర్లూ వేసి, దగ్గరకొచ్చి ఒకే మాట అన్నాడు. “సామీ, ముందు మనుషుల్ని గోడ అవతలికి పంపించు. టైరు ఎక్కడికీ పోదు.” తర్వాత తన క్లీనరును టార్చ్ ఇచ్చి పైమలుపు దాకా పంపించాడు.

ఆ క్లీనరును మలుపు దాకా ఎందుకు పంపాడో లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ట్రయాంగిల్‌ను కారు వెనక 10 మీటర్లలో పెడితే, డ్రైవరు దాన్ని చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపే మన మీద ఉంటాడు. 50 మీటర్ల వెనక పెడితే మూడు సెకన్లు దొరుకుతాయి. బండి 80లో వస్తుంటే ఆ 50 మీటర్లకు దొరికేది రెండు సెకన్ల పైచిలుకు మాత్రమే. రోడ్డు తడిగా ఉంటే ఆగడానికి పట్టే దూరం దాదాపు రెట్టింపు అవుతుంది. సరుకుతో దిగుతున్న లారీకి ఇంకా ఎక్కువ. అందుకే ఘాట్‌లో మీటర్ల లెక్క కంటే మలుపు లెక్క ముఖ్యం. మలుపు తిరిగాక కనబడే ట్రయాంగిల్‌తో లాభం తక్కువ, మలుపుకు ముందే కనబడాలి. పెట్టడానికి వెళ్లేవాళ్లు రోడ్డు అంచున, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవాలి. వీపు తిప్పి నడవకూడదు.

అందువల్ల నా కిట్‌లో మొదటి వస్తువు ట్రయాంగిల్, రెండోది రేడియం పట్టీల జాకెట్, మూడోది తలకు కట్టుకునే టార్చ్. జాకెట్ అంటే రోడ్డు పనివాళ్లు వేసుకునేదే, ఖరీదు పెద్దగా ఉండదు. నల్ల స్వెటర్ వేసుకుని మంచులో టైరు మార్చే మనిషి లారీ డ్రైవరుకు కనబడడు. రేడియం మాత్రం హెడ్‌లైటు తగలగానే చాలా దూరం నుంచి మెరుస్తుంది. తల టార్చ్ ఎందుకంటే టైరు మార్చడానికి రెండు చేతులూ కావాలి. ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని చేసిన పని నాకు తెలుసు, ఇంకెవరికీ సలహా ఇవ్వను.

ఈ మూడూ డిక్కీలో ఉండకూడదు. డ్రైవరు సీటు కిందో, వెనక సీటు ముందో, దిగకుండానే చేతికి అందాలి. జాబితాలు రాసేవాళ్లు ఏం కొనాలో చెబుతారు, ఎక్కడ పెట్టాలో చెప్పరు. తిరుమల నుంచి వచ్చే కారు డిక్కీలో సంచుల కింద ఉన్న ట్రయాంగిల్ ఉన్నా లేనట్టే.

మన దగ్గర పాత పద్ధతి ఒకటుంది. లారీ ఆగిపోతే వెనక రోడ్డు మీద చెట్టు కొమ్మలు, రాళ్లు పేర్చడం. పగలు కొమ్మలు బాగానే పనిచేస్తాయి, దూరం నుంచే డ్రైవర్లకు అర్థమవుతుంది. రాళ్లతోనే ఇబ్బంది. బండి బాగుపడగానే లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. తర్వాత వచ్చే మోటార్‌సైకిల్‌వాడికి అవే గండం.

పొగమంచులో నడుపుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లు వేసుకుని పోయేవాళ్లు మనలో చాలామంది. ఆగిన బండికి ఉండాల్సిన గుర్తు అది. కదిలే బండికి వేస్తే వెనకవాడు ఆగి ఉందనుకోవచ్చు, పైగా మనం ఎటు తిరుగుతున్నామో చెప్పే ఇండికేటర్ పనిచెయ్యదు. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచు బిందువులకు కొట్టి మన కళ్లలోకే తిరిగొస్తుంది, తెల్లగోడ లేచినట్టు ఉంటుంది. లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు, తగ్గిన వేగం, అంతే. అదీ కుదరకపోతే ఏ పెట్రోల్ బంకులోనో, టీ కొట్టు దగ్గరో, రోడ్డుకు బాగా ఎడంగా ఆగి టీ తాగడమే.

లోపలి అద్దానికి పట్టే ఆవిరి వేరే సంగతి. ఐదుగురి ఊపిరి, తడిసిన బట్టలు, బయట చల్లని అద్దం. తేమ వెళ్లి అద్దానికి పట్టేస్తుంది. చేత్తో తుడిస్తే నిమిషంలో మళ్లీ వస్తుంది. చలిగా ఉంది కదా అని ఏసీ ఆపేస్తాం, అక్కడే పొరపాటు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. ఏసీ వేసి, బయటి గాలి వచ్చేలా పెట్టి, గాలిని ముందు అద్దం వైపు తిప్పితే తేటపడుతుంది. చలిగా ఉంటే వేడి వైపు తిప్పుకోండి, ఏసీ మాత్రం ఆపొద్దు. పాత నూలు గుడ్డ ఒకటి, మంచి వైపర్ బ్లేడ్లు ఉంటే ఈ ప్రశ్నకు జవాబు పూర్తి. ఎండాకాలం ఎండకు వైపర్ రబ్బరు చీలిపోతుంది, అది మనకు తెలిసేది మొదటి తుపాను రాత్రే.

వంక దాటాలా, ఆగాలా

మనవైపు చెరువు నిండి మరవ పారితే రోడ్డు మీద వంక పారినట్టే. చప్టాలన్నీ అప్పుడు ఏరులవుతాయి. ఇక్కడ కిట్ కంటే ముందు ఒక లెక్క తెలిసి ఉండాలి. చిన్న కారు బరువు సుమారు వెయ్యి కిలోలు. దాని అడుగు వైశాల్యం ఐదు చదరపు మీటర్ల పైచిలుకు. నీళ్లు కారు అడుగును తాకాక, ప్రతి పది సెంటీమీటర్ల ఎత్తుకూ అరటన్ను బరువును నీరే మోస్తుంది. అంటే అడుగు భాగం మీదికి జానెడు నీళ్లు ఎక్కేసరికి కారు పడవయిపోతుంది. చక్రాలు నేలను ఒత్తవు, స్టీరింగ్‌కు పనిలేదు, ప్రవాహం ఎటు తోస్తే అటు. పెద్ద బండి కదా అని ధైర్యం చెయ్యక్కర్లేదు. దానికి ఇంకాస్త నీళ్లు కావాలి, అంతే తేడా.

ప్రవాహం లేని నీళ్లు కూడా తక్కువవి కావు. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చ్ దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన వాననీళ్లలో, దర్శనానికి కర్ణాటక నుంచి వచ్చిన వాళ్ల వాహనం చిక్కుకుంది. ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. చీకట్లో, కొత్త ఊళ్లో, బ్రిడ్జి కింద నీళ్లు ఎంత లోతున్నాయో పైనుంచి చూసేవాడికి తెలియదు. రోడ్డు మీద తడిలాగే కనిపిస్తుంది.

నీళ్లలో చిక్కిన కారు డోరు ఎందుకు తెరుచుకోదో కూడా చెబుతాను. మీటరు వెడల్పు డోరుకు బయట రెండడుగుల నీళ్లుంటే, లోపల నీళ్లు లేకపోతే, ఆ డోరును దాదాపు 180 కిలోల బలం లోపలికి నెడుతుంటుంది. ఎంత బలవంతుడైనా కూర్చున్న చోటి నుంచి తోయలేడు. అందుకే మొదటి నిమిషంలోనే బెల్టు తీసి, అద్దం దించి, పిల్లల్ని ముందు పంపి, తర్వాత మనం బయటపడాలి. ఫోన్ చేద్దాం, సామాన్లు తీద్దాం అనుకోవడానికి వీల్లేదు. కరెంటుతో నడిచే అద్దాలు నీళ్లలో కాసేపే పనిచేస్తాయి. అవి దిగకపోతే అద్దం పగలగొట్టాలి. దానికే చిన్న సుత్తి, బెల్టు కోసే బ్లేడు కలిసి ఉన్న పనిముట్టు దొరుకుతుంది. దాని మొన పదునుగా ఉంటుంది. పక్క అద్దం మూలలో కొడితే ముక్కలైపోతుంది. ముందు అద్దం మీద కొట్టి లాభం లేదు, రెండు గాజుల మధ్య పొర ఉంటుంది, పగిలినా ఊడదు. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా అలాగే వస్తున్నాయి. మీ కారుకు ఏవి ఉన్నాయో అద్దం మూలలో ముద్ర చూసుకోండి. ఆ సుత్తి కూడా చేతికి అందేచోటే ఉండాలి.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. గాలి వెళ్లే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి చేరితే, పిస్టన్ వాటిని నొక్కలేదు. గాలి కుదించుకుపోతుంది కానీ నీరు కుదించుకోదు. వంగిపోయేది కనెక్టింగ్ రాడ్. సెల్ఫ్ కొట్టకుండా లాగించి మెకానిక్‌కు ఇస్తే చిన్న ఖర్చుతో పోవచ్చు, కొడితే ఇంజిన్ విప్పాలి. మామూలు ఇన్సూరెన్సులో ఇలాంటి ఇంజిన్ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు, ఇంజిన్ రక్షణ అని విడిగా తీసుకోవాలి. లాగడానికి గట్టి టోయింగ్ బెల్టు ఒకటి కిట్‌లో ఉంచండి. బట్టలు ఆరేసే నైలాన్ తాడు తెగి ఎగిరితే మనిషి ముఖం పగులుతుంది.

మా మేనల్లుడి పిల్లిమట్టికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. రోడ్డు దిగిన చక్రం బురదలో తిరుగుతుంటే రెండు పాత గోనె సంచులు మడిచి చక్రం ముందు దోపి, నెమ్మదిగా రెండో గేరులో లాగితే చాలా సార్లు పైకొచ్చేస్తుంది. చెరకు ట్రాక్టర్లవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. అదే సంచి టైరు మార్చేటప్పుడు మోకాళ్ల కింద పరుచుకోవచ్చు.

బ్యాటరీ గుట్టు

చలికాలం ఉదయం కారు స్టార్ట్ కాకపోతే నేరం చలి మీద వేస్తాం. చలిదేశాల్లో అది నిజమే. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం బాగా పడిపోతుంది, ఇంజిన్ ఆయిలు చిక్కబడి తిప్పడానికి ఇంకా బలం కావాల్సి వస్తుంది. మన దగ్గర 15 డిగ్రీల చలికి తగ్గేది కొంచెమే. మన బ్యాటరీని చంపేది తిరుపతి మే నెల. ఆ ఎండకు, బానెట్ కింద వేడికి లోపలి ఫలకాలు తుప్పుపట్టి, నీరు ఆవిరై, బ్యాటరీ అప్పుడే సగం చచ్చి ఉంటుంది. వెచ్చగా ఉన్నన్నాళ్లూ ఆ మిగిలిన సగంతో నెట్టుకొస్తుంది. డిసెంబరు ఉదయం కాస్త ఎక్కువ బలం అడిగేసరికి టక్కు టక్కుమని ఆగిపోతుంది. రోగం ఎండాకాలానిది, బయటపడేది చలికాలంలో.

అందుకని మూడేళ్లు దాటిన బ్యాటరీని వానలకు ముందే పరీక్ష చేయించడం మంచిది. రాత్రంతా ఆగి ఉన్న కారుకు వోల్ట్‌మీటర్ పెడితే 12.6 దగ్గర ఉండాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. జంపర్ కేబుళ్లు కొంటే మందంగా ఉన్నవి తీసుకోండి, సన్నవి సెల్ఫ్ మోటారుకు కావాల్సినంత కరెంటు మొయ్యలేవు. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం చచ్చిన కారు ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి. చివరిది బ్యాటరీకి పెట్టొద్దనడానికి కారణం, కలిపేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు. ఈ వరస ఒక అట్ట మీద రాసి కేబుల్‌కు కట్టుకున్నాను, అర్ధరాత్రి బుర్ర పనిచెయ్యదు. గేర్లు మార్చే కారయితే నలుగురు తోసి రెండో గేరులో క్లచ్ వదిలితే స్టార్టవుతుంది. ఆటోమేటిక్‌కు ఆ విద్య పనికిరాదు. ఎలక్ట్రిక్ కారువాళ్లు మాకు ఈ గోల లేదనుకుంటారు గానీ, లాకులు, కంప్యూటరు నడిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ వాటికీ ఉంటుంది.

టైరు సంగతి. గాలి చల్లబడితే టైరులో పీడనం తగ్గుతుంది, ఐదారు డిగ్రీలకు ఒక పాయింటు (పీఎస్‌ఐ) చొప్పున. మధ్యాహ్నం తిరుపతిలో 32 డిగ్రీలప్పుడు గాలి చూపించుకుని, తెల్లవారి 16 డిగ్రీల పలమనేరులో బయల్దేరితే మూడు పాయింట్లు తక్కువతో పోతున్నట్టు. కాబట్టి ఉదయం, బండి ఎక్కువ దూరం తిరగకముందే చూడాలి. సిగరెట్ సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు నా దృష్టిలో స్టెప్నీ తర్వాత అంత విలువైన వస్తువు. నెమ్మదిగా దిగే పంక్చరయితే గాలి కొట్టుకుంటూ ఘాట్ కింద బంగారుపాళ్యం దాకా పోవచ్చు, ఘాట్‌లో జాకీ ఎత్తే పని తప్పుతుంది. ఇంకో మాట, మీ కారులో స్టెప్నీ ఉందో లేదో ఒకసారి డిక్కీ ఎత్తి చూడండి. 2020లో నిబంధనలు మారాక, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు ఉన్న కార్లకు స్టెప్నీ ఇవ్వకపోయినా చెల్లుతుంది. కొన్నేళ్లుగా నడుపుతూ కూడా ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వాసన వస్తే ఏ కిట్టూ కాపాడదు, గేరు తగ్గించడమే మందు. తిరుమలలో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరకూడదని పెట్టింది ఊరికే కాదు. అలాగే వాన రోజుల్లో ఘాట్‌లో కొండ అంచుకు ఆనించి కారు ఆపకండి. రాళ్లు పడేది అక్కడే.

ఆగిపోయిన రాత్రి

చలి మనల్ని చంపేంత ఉండదు గానీ, తడిసిన మనిషికి ఆ చలే చాలు. తిరుమల తిరుపతి కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది, 1,200 మీటర్ల పైన ఉన్న హార్స్‌లీ హిల్స్ ఇంకా చల్లన. గుండు చేయించుకున్న పసిపిల్లల్ని డిసెంబరు రాత్రి కార్లో చూస్తే నాకు ముందు ఉన్ని టోపీ గుర్తొస్తుంది. రెండు దుప్పట్లు, రెండు తువ్వాళ్లు, పిల్లలకు ఒక జత పొడిబట్టలు, మందపాటి పాలిథిన్ షీటు చాలు. బిస్కెట్లు, వేరుశనగ చిక్కీ, ఖర్జూరం. తాగే నీళ్లు స్టీలు సీసాలో పెట్టండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలను తిరుమల కొండ మీదికి రానివ్వరు, అలిపిరి తనిఖీలో తీసేయిస్తారు, తర్వాత ఘాట్‌లో ఇరుక్కుంటే గుక్కెడు నీళ్లుండవు.

బీపీ, షుగర్ మాత్రలు ఒక రోజువి ఎక్కువ ఉంచుకోవాలి, కానీ కార్లో వదిలేయకూడదు. ప్రథమ చికిత్స డబ్బా విప్పి ఒకసారి చూడండి. కారుతో వచ్చిన వాటిలో సాధారణంగా చిన్న చిన్న ప్లాస్టర్లే ఎక్కువ. పెద్ద గాయానికి కావాల్సింది నొక్కి పట్టడానికి మందపాటి గాజుగుడ్డ, వెడల్పు బ్యాండేజీ, కత్తెర, చేతి తొడుగులు. రక్తం కారుతుంటే గట్టిగా నొక్కి పట్టి 108కి ఫోన్ చెయ్యాలి. ఏ అవసరానికైనా 112, జాతీయ రహదారి మీదయితే 1033. ఘాట్లలో కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి దాటిన చివరి కిలోమీటరు రాయి గుర్తుపెట్టుకోవడం అలవాటు చేసుకోండి. “మొగిలి ఘాట్‌లో ఉన్నాం” అంటే వాళ్లకు కొండంతా వెతుకులాటే.

పలమనేరు, కుప్పం అడవి దారుల్లో ఇంకో చిన్న జాగ్రత్త ఉంది. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రాత్రి రోడ్డు దాటుతాయి. అవి కనబడితే హారన్ కొట్టొద్దు, లైట్లు వాటి మీద ఆడించొద్దు, ఫొటో కోసం దిగనే దిగొద్దు.

ఇంజిన్ నడుపుతూ, అద్దాలన్నీ మూసి, ఆగిన కార్లో నిద్రపోవడం ఇక్కడ కూడా ప్రమాదమే. మంచు లేకపోయినా, సైలెన్సర్‌కు చిల్లు ఉన్నా, గోడకు ఆనించి ఆపినా అదే పొగ లోపలికి వస్తుంది. వెచ్చదనానికి దుప్పటి కప్పుకోండి.

ఆయుధ పూజ నాడు

మన కార్లకు ఏడాదిలో ఒకరోజు మహారాజ భోగం జరుగుతుంది. కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఐదో చక్రాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆయుధ పూజ వచ్చేది సరిగ్గా ఈశాన్య వానలకు ముందే కాబట్టి, మా ఇంట్లో కిట్ సర్దే రోజు అదే. పనిముట్లకు పూజ చేసే రోజున పనిముట్లు పనిచేస్తున్నాయో లేదో చూడటం అపచారమేమీ కాదు.

సంక్రాంతి దాటాక కొన్నింటిని తీసేస్తాను. ఎండలో మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలకు చేరొచ్చు. పవర్ బ్యాంకు, బ్యాటరీతో నడిచే జంప్ స్టార్టర్ లాంటి లిథియం వస్తువులు ఆ వేడికి పాడవుతాయి, ఒక్కోసారి అంటుకుంటాయి. మందులు, తినేవి ఎలాగూ ఉండకూడదు. ట్రయాంగిల్, జాకెట్, సుత్తి, స్టెప్నీ సామాను మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి. మంటలార్పే చిన్న సిలిండరు కూడా, ముల్లు ఆకుపచ్చ గీతలో ఉన్నంతకాలం.

పోయిన ఆయుధ పూజకు ఇంటి ముందే టైరు మార్చి చూద్దామని పిల్లల్ని కూర్చోబెట్టాను. జాకీ పెట్టకముందే నట్లు కాస్త వదులు చెయ్యాలి కదా, కారుతో వచ్చిన పొట్టి స్పానర్ పెట్టి తొక్కాను. ఒక్క నట్టూ కదల్లేదు. అంతకుముందు టైర్లు మార్పించినచోట గాలి మెషీన్‌తో బిగించి పంపారు. నేను ఎక్కి నిలబడ్డా కదల్లేదు. చివరికి పక్కింట్లో బోరు పనికి మిగిలిన రెండున్నర అడుగుల ఇనుప గొట్టం తెచ్చి స్పానర్ పిడికి తొడిగి నొక్కితే కిర్రుమని తిరిగింది. కాడ ఎంత పొడుగయితే బలం అంత పెరుగుతుంది. మొగిలి ఘాట్‌లో ఆ లారీ డ్రైవరు కూడా మా నట్లను తన పొడుగు కడ్డీతోనే విప్పాడని అప్పుడు గుర్తొచ్చింది. పక్కింటాయన గొట్టం తిరిగి అడగలేదు. ఇప్పుడది గోనె సంచిలో చుట్టి డిక్కీలో ఉంది.